గడిలో రెండు చెవులు

మూడుసార్లా, నాలుగుసార్లా? ఇవాళ్టితో కలిపితే నాలుగు, కలపకపోతే మూడు. కలపకపోతే తనకి కొంచెం నయంగా ఉంటుంది కాబట్టి కలపడం లేదేమో. లిఫ్టు సర్వీసింగుకి నెలకోసారి ఈ బిల్డింగుకి వస్తాడు. ఐదంతస్తులు మెట్లెక్కి, పైకప్పు మీదున్న లిఫ్టు మెషీన్ గది తాళం తీస్తాడు. ఆ గది గోడకి ఆనించి ఈ పంజరం ఉంటుంది. మొదటి నెల చూసి, ఎవరో కుందేల్ని ఎండకి పెట్టారనుకున్నాడు. రెండో నెల తన సీసాలో నీళ్ళు దాని గిన్నెలో పోశాడు; ఆ రోజంతా తనమీద తనకే మంచి అభిప్రాయం ఉండిపోయింది. మూడో నెల పంజరం మీద ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది. దాని కింద ఏముందో తెలుసు. తెలుసు కాబట్టే ఎత్తలేదు. ఎత్తి చూస్తే ఆ తర్వాత ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది. చూడకపోతే అది పట్టా మాత్రమే.

ఇవాళ గాలికి పట్టా ఒక పక్క లేచిపోయింది. కుందేలు మూలకి మొహం పెట్టి కూర్చుంది. ఒకప్పుడు తెల్లగా ఉండి ఉండాలి. పొట్ట కింద బొచ్చు తడిసి, ఎండి, మళ్ళీ తడిసి అట్టలు కట్టింది. గోళ్ళు పెరిగి పక్కలకి తిరిగిపోవడంతో పాదం నేలకి సరిగ్గా ఆనడం లేదు. అతని అడుగుల చప్పుడుకి అది పారిపోవాలని కూడా చూడలేదు. ఒక చెవి మాత్రం ఇటు తిప్పి, వచ్చినవాడెవడో తెలిసిపోయినట్టు మళ్ళీ అటు తిప్పేసుకుంది.

గదిలోకి వెళ్ళి తలుపు వెనక వేలాడే సర్వీస్ కార్డు అందుకున్నాడు. ఈ పనిలో ఒక అలవాటుంది. లోపల అడుగుపెట్టగానే ముందు కార్డు మీద సంతకం చేసేస్తారు, ఆ తర్వాతే పనిలోకి దిగుతారు. బ్రేకులూ తాళ్ళూ చూశాక చేతులు గ్రీజుతో నల్లబడతాయి, ఆ చేతులతో ముట్టుకుంటే కార్డు పాడవుతుంది. అందుకని, చెయ్యబోయే పనికి చేసేసినట్టు సంతకం. దాన్నెవరూ తప్పనుకోరు. నెలకి రెండు గళ్ళు, రెండు సంతకాలు. రెండోది అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద మెకానిక్కుది. ఆయన మోకాళ్ళు మెట్లెక్కడం మానేసి రెండేళ్ళయింది. కింద లిఫ్టు గుంటలో పని ఆయన చూసుకుంటాడు, పైన ఆయన సంతకం కూడా ఇతనే చేస్తాడు. ఆ గుండ్రటి అక్షరాలు ఇప్పుడు ఆయనకన్నా ఇతనికే బాగా వచ్చు.

గత మూడు వరసలు చదివాడు. 'అన్నీ సరిగ్గా ఉన్నాయి.' మూడుసార్లూ అదే మాట. ఆ మాట రాసిన చోటికీ పంజరానికీ మధ్య ఒక్క గోడ.

నీళ్ళ ట్యాంకు చూడ్డానికి వాచ్‌మన్ పైకొస్తే అడిగాడు.

"ఇదెవరిది?"

"మూడో అంతస్తు వాళ్ళది సార్. ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎవరో వచ్చి పట్టుకెళ్తారన్నారు."

"ఎవరు?"

"ఎవరో అన్నారు సార్. ఎవరో అంటే ఇంకెవరని చెప్పమంటారు?"

"మరి తిండెవరు పెడుతున్నారు?"

"నేను ఎప్పుడైనా కూర తొక్కులు పడేస్తా. రోజూ నాలుగో అంతస్తు అమ్మగారు పెడుతున్నారనుకున్నా. ఆవిడేమో రోజూ నేనే పెడుతున్నాననుకుని, ఎప్పుడో ఒకసారి నాలుగు ఆకులు వేస్తున్నారంట. మొన్ననే బయటపడింది." వాచ్‌మన్ నవ్వబోయి, అతని మొహం చూసి ఆపుకున్నాడు. "మీకు కావాలంటే తీసుకెళ్ళిపోండి సార్. ఎవరూ ఏమనరు."

ఎవరూ ఏమనరు. ఇన్నాళ్ళూ జరిగిందీ అదే కదా అనుకున్నాడు.

పంజరం మోసుకుని కిందికి దిగేసరికి బాబాయ్ గుంటలోంచి తల బయటపెట్టాడు.

"ఒరే అబ్బాయ్, లిఫ్టు చూసి రమ్మంటే కుందేల్ని దించుకొచ్చావేంట్రా?"

"పైన ఉంది బాబాయ్."

"పైన మోటారు కూడా ఉంది. అదొక్కటీ ఎందుకొదిలేశావు?"

*

తలుపు తీసిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె ఆసుపత్రి మందుల కౌంటర్లో పనిచేస్తుంది. ఇంటికొచ్చినా కళ్ళకి ఆ కౌంటరు చూపు వదలదు, చేతికందిన ప్రతిదాన్నీ ముందు చీటీతో సరిచూసినట్టు చూస్తుంది.

"ఏంటది?"

"కుందేలు."

"అది కనబడుతూనే ఉంది. మనింటికెందుకొచ్చిందని అడుగుతున్నా."

"రెండ్రోజులుంచుకుని, ఎవరికైనా..."

"మీ రెండ్రోజులు నాకు తెలీవా? ఆ పాత స్కూటరూ రెండ్రోజులే అన్నారు. ఏడేళ్ళుగా మెట్ల కింద కాపురం చేస్తోంది."

పదకొండేళ్ళ కూతురు లోపల్నుంచి వచ్చి, పంజరం ముందు నేలమీద చతికిలబడింది. చాలాసేపు చూసి, "దీనికెవరూ లేరా నాన్నా?" అంది.

"ఉన్నారమ్మా. చాలామంది ఉన్నారు."

ఆ జవాబు ఆ పిల్లకి అర్థం కాలేదు. భార్యకి అయినట్టుంది. లోపలికెళ్ళి చేతికి తొడుగులేసుకుని, కత్తెరా పాత తువ్వాలూ తెచ్చింది. కుందేల్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, అట్టలు కట్టిన బొచ్చుని వేలి మందమంత చొప్పున కత్తిరించడం మొదలుపెట్టింది. కింద చర్మం ఎర్రగా కమిలి ఉంది. దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో తువ్వాలు మీంచే కనబడుతోంది. అది ఒక్క చప్పుడు కూడా చెయ్యలేదు. నొప్పెడితే అరవడం దానికి తెలీదో, అరిచినా లాభం లేదని తెలుసుకుందో.

"ఎవరింట్లోనో పుట్టి, ఎవరో ముద్దు చేస్తే పెరిగి ఉంటుంది," అంది భార్య కత్తెర ఆపకుండా. "ఇలా వదిలెయ్యడానికి ఎలాంటి మనుషులై ఉండాలి!"

"రాక్షసులు," అంది కూతురు.

అతను ఔనన్నట్టు తలూపాడు. రాక్షసులు అన్న మాట విన్నాక మనసు కొంచెం తేలికపడింది. రాక్షసులు మూడో అంతస్తులో ఉండేవాళ్ళు, నెలకోసారి వచ్చేవాళ్ళు కాదు.

*

వెనక బాల్కనీలో, బట్టలుతికే చోటు పక్కన, చెక్కపెట్టె పక్కకి పడుకోబెట్టి దానికి ఇల్లు చేశారు. అది ఆ పెట్టెలోకి దూరి, ఇంటివాళ్ళకి వీపు చూపించి కూర్చుంది. పిలిస్తే రాదు, ఆకులు చూపిస్తే చూడదు. అందరూ వెళ్ళిపోయాక ఎప్పుడో వచ్చి తిని, మళ్ళీ పెట్టెలో దూరుతుంది.

"అబ్బో, దొరగారు మనతో మాట్లాడరు," అంది భార్య. అప్పట్నుంచీ దాని పేరు దొరగారు అయింది. దొరగారు భోంచేశారా? దొరగారికి పక్క మార్చారా? ఆ పేరుతో ఇంట్లో నవ్వులు పుట్టాయి గానీ, ఆ నవ్వుల్లో కుందేలు ఎన్నడూ కలవలేదు. కాపాడినవాళ్ళ మీద దానికి ప్రేమ పుట్టాలని తను లోలోపల ఎదురుచూస్తున్నాడని అతనికి మూడోవారంలో తెలిసొచ్చి సిగ్గేసింది.

కూతురికి మాత్రం అది ఎటు తిరిగి కూర్చున్నా బాధ లేదు. ఆ పిల్లకి ఇంట్లో ఒక బిరుదుంది, మతిమరుపు మహారాణి. నీళ్ళ సీసాలు, గొడుగులు, లంచ్ బాక్సులు ఎక్కడ పడితే అక్కడ వదిలేసొస్తుంది. తల్లి సరదాకే పెట్టిన పేరది. కానీ ఒకసారి కౌంటర్లో తోటి ఉద్యోగి ఒక ముసలాయనకి మందు మార్చి ఇచ్చేసింది, ఆయన మూడ్రోజులు మంచం దిగలేదు. అప్పట్నుంచీ ఆ పేరు పిలిచే గొంతులో సరదా తగ్గి భయం ఎక్కువైంది. మర్చిపోవడం అన్నది ఆమెకి ఒక రోగం పేరులా వినబడటం మొదలైంది.

కూతురు తనంతట తనే ఒక చార్టు తయారు చేసింది. నాన్న సర్వీస్ కార్డు చూసి నేర్చుకున్నదే. రోజుకి రెండు గళ్ళు, పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఎవరి వంతో ముందే పక్కన రాసిపెట్టింది. తిండి పెట్టినవాళ్ళు గడిలో తమ బొమ్మ గియ్యాలి. నాన్నకి స్పానరు, అమ్మకి అడ్డగీత ఉన్న గుండ్రటి మాత్ర, తనకి రెండు చెవులు. ఫ్రిజ్ తలుపుకి అంటించింది. మూడు వారాలు ఒక్క గడి కూడా ఖాళీ పోలేదు. తల్లి రోజూ డ్యూటీ నుంచి వచ్చి ముందు ఆ చార్టు చూసేది. మహారాణి అని పిలవడం తగ్గించింది. ఒకరోజు అసలు పిలవలేదు. కూతురు ఆ రోజు భోజనం దగ్గర మామూలుకన్నా నిటారుగా కూర్చుంది. అది అతను గమనించాడు.

గమనించకపోతే బావుండేదేమో. ఆ నిటారుతనం ఎక్కడ వంగిపోతుందోనని భయం అప్పుడే పుట్టింది.

నాలుగోవారంలో ఒక పొద్దున కూతురి గడి ఖాళీగా కనబడింది. పిల్ల స్కూలుకి వెళ్ళిపోయింది. భార్య స్నానం చేస్తోంది. అతను పెన్సిల్ తీసుకుని గడిలో రెండు చెవులు గీశాడు, తర్వాత బాల్కనీలోకెళ్ళి దొరగారికి ఆకులు వేశాడు. అంతే. చాలా చిన్న విషయం. రెండేళ్ళుగా బాబాయ్ అక్షరాలకి అలవాటుపడిన చెయ్యి అది. రెండ్రోజులు పోయాక ఇంకోసారి.

ఖాళీ గడిని అతను చూడలేడు. చిన్నప్పుడు ఇంట్లో ఏదైనా పగిలితే తండ్రి పిల్లలందర్నీ గోడకి వరసగా నిలబెట్టేవాడు. ఎవరో ఒకరు నేనే అనేదాకా కదలనిచ్చేవాడు కాదు. పగలగొట్టింది ఎవరైనా చివరికి నేనే అనేది ఇతనే. ధైర్యం వల్ల కాదు. ఆ నిశ్శబ్దం భరించలేక. కోపం వచ్చి కూర్చోవడానికి వేసిన కుర్చీలా ఉండేది ఆ నిశ్శబ్దం; అది రాకముందే ఏదో ఒక పేరుతో కుర్చీ నింపెయ్యాలి. దాన్ని మంచితనమని అందరూ అన్నారు, అతనూ నమ్మాడు.

ఆ శుక్రవారం సాయంత్రం కూతురి వంతు. అతను ఐదింటికే ఇల్లు చేరాడు. గడి ఖాళీ. పిల్ల స్కూలు నుంచి వచ్చి స్నేహితురాలింటికి వెళ్ళినట్టుంది. ఆరింటికి భార్య వస్తుంది, వరసగా పది గంటల డ్యూటీ చేసి. చెవులు గీశాడు. ఆకులు కడుగుదామని కుళాయి తిప్పాడు. ఫోన్ మోగింది. ఒక ఆఫీసు బిల్డింగులో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ముగ్గురున్నారు, ఒకావిడకి ఊపిరాడటం లేదంటున్నారు. కుళాయి కట్టేసి, సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. ముగ్గుర్నీ దించి ఇల్లు చేరేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి. తనకి ఆకుల సంగతి మనసులోకే రాలేదు. గడి నిండే ఉంది కదా.

శనివారం పొద్దున కూడా కూతురి వంతే. పిల్ల ఆలస్యంగా లేచింది, స్కూల్లో ఆటల పోటీ. కేకలు, హడావుడి, ఒక కాలిమేజోడు దొరకలేదు. భార్య డ్యూటీకి బయల్దేరుతూ ఫ్రిజ్ వైపు వస్తుంటే అతను ఒక్క అడుగు ముందేసి, పాలు తీస్తున్నట్టు నిలబడి, గడిలో రెండు చెవులు గీసేశాడు. పిల్ల పెట్టే ఉంటుంది, గియ్యడం మర్చిపోయి ఉంటుంది అనుకున్నాడు. అది ఆలోచన కాదు, ఆలోచన ఉండాల్సిన చోట పెట్టుకున్న మాట.

శనివారం సాయంత్రం తన వంతు. స్పానరు గీసి, ఆకులు వేశాడు. పెట్టెలో గడ్డి కూడా అయిపోయినట్టుంది, కొత్త కట్ట విప్పి వేశాడు. దొరగారు వీపు చూపించి కూర్చునే ఉన్నారు. ఎప్పుడూ ఉండేదే.

ఆదివారం పొద్దున భార్య గట్టిగా పిలిచింది. ఆకులు వేసినవి వేసినట్టే వాడిపోయి ఉన్నాయి. కుందేలు ఉండలా ముడుచుకుని, కళ్ళు సగం మూసి, పళ్ళు నూరుతోంది. పెట్టెలో ఒక్క పెంటిక కూడా లేదు.

*

పశువుల డాక్టరు చిన్న వయసావిడ. మాటలు తక్కువ. కుందేలు పొట్ట మీద రెండు చేతులూ వేసి, కళ్ళు మూసుకుని, లోపల ఏదో వింటున్నట్టు నొక్కి చూసింది.

"చివరిసారి ఎప్పుడు తింది?"

కూతురు చార్టుని చుట్టి చంకలో పెట్టుకుని తెచ్చింది. దాన్ని బల్లమీద పరిచింది. అంతా పద్ధతిగా జరిగిందని చూపించుకోవాలన్న ఆత్రం ఆ చేతుల్లో ఇంకా ఉంది.

"శుక్రవారం పొద్దున అమ్మ. సాయంత్రం నేను. శనివారం పొద్దున కూడా నేనే. సాయంత్రం నాన్న పెట్టారు, కానీ అది తినలేదు."

డాక్టరు చార్టు చూసింది, మళ్ళీ పొట్ట నొక్కింది. "శనివారం పొద్దున తిన్న పొట్టలా లేదమ్మా ఇది. కుందేళ్ళకి పొట్ట ఖాళీగా ఉండకూడదు. ఒకరోజు తిండి లేకపోతే పేగులు ఆగిపోతాయి. ఆగాక మనం ఏం పెట్టినా తినవు. శనివారం పొద్దున నువ్వేం పెట్టావు?"

కూతురు చార్టు మీదికి వంగింది.

"పోనీ, పెట్టడం జ్ఞాపకముందా?"

"చెవులు గీసున్నాయి కదా," అంది కూతురు మెల్లగా.

"గీసుంది సరే. పెట్టడం?"

ఆ పిల్ల చార్టు వైపు చూసింది. తన వేలు ఎప్పుడు ఏ పని చేసిందో తనకి తెలియకుండా పోయినట్టు, ఆ రెండు గళ్ళ మీద చూపుడువేలు ఆనించి, తీసేసింది. "లేదు," అంది. "ఏమీ జ్ఞాపకం లేదు."

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. అది నేను గీశాను. నోట్లో మాట తయారుగానే ఉంది. కానీ డాక్టరు సూది సిద్ధం చేస్తోంది, భార్య తువ్వాలు పట్టుకుంది, ఈ హడావుడిలో ఎందుకు, ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెప్పొచ్చు అనుకున్నాడు. భార్య కూతురి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. ఇన్నేళ్ళలో మొదటిసారి పగిలినదాని ముందు నిలబడి అతను నేనే అనలేదు. నిజంగా తను పగలగొట్టింది ఇదొక్కటే.

"మూడు గంటలకోసారి ఈ పిండి నీళ్ళలో కలిపి సిరంజితో పట్టండి," అంది డాక్టరు. "పేగులు కదిలితే బతుకుతుంది. కదలకపోతే నేనేం చెప్పలేను."

*

సిరంజి పని భార్య తీసుకుంది. ఆమె కొలతలో తేడా రాదు. కూతురు బాల్కనీ వైపు వెళ్ళడం మానేసింది. దొరగారి దగ్గర కాసేపు కూర్చోమంటే, "వద్దు. నేను ముట్టుకోను. నేనేం చేస్తున్నానో నాకే తెలీడం లేదు," అంది. చాలా మామూలుగా అంది, వర్షం వచ్చేలా ఉందని చెప్పినట్టు.

సోమవారం ఆ పిల్ల స్కూలు సంచి నాలుగుసార్లు విప్పి చూసుకుంది. మంగళవారం స్నానాలగది గుమ్మంలో నిలబడి, "అమ్మా, నేను పళ్ళు తోముకున్నానా?" అని అడిగింది. బ్రష్షు తడిగానే ఉంది. దాన్ని ముట్టుకుని చూసి కూడా అడిగింది. బుధవారం లెక్కల పరీక్షలో ఒకే జవాబు మూడుసార్లు కొట్టేసి మూడుసార్లు రాసిందని టీచరు ఫోన్ చేసింది.

"దాన్ని ఎవరైనా డాక్టరుకి చూపించాలేమో," అంది భార్య అతనితో, వంటింట్లో, గొంతు తగ్గించి. "పెట్టకుండానే పెట్టినట్టు గీసేస్తున్నానేమో, నాకు తెలీకుండానే గీసేస్తున్నానేమో అంటోంది. రెండుసార్లమ్మా, ఒకసారి కాదు, రెండుసార్లు అంటోంది. అబద్ధమాడిన పిల్ల అలా మాట్లాడదు. నాకు భయంగా ఉంది." అలా అంటూ గోడకి ఆనుకుంది. ఎప్పుడూ దేనికీ ఆనుకోని మనిషి.

"మనం దానికా పేరు పెట్టకుండా ఉండాల్సింది," అంది మళ్ళీ. "పిలిచి పిలిచి నేనే తెచ్చిపెట్టానేమో."

ఆమె కూడా తన వాటా తప్పు వెతుక్కుంటోంది. రెండు చిన్న గీతలు. ఇంట్లో ప్రతివాళ్ళూ వాటికింద తమ పేరు రాసుకుంటున్నారు, అతనొక్కడు తప్ప.

గురువారం ఇంకో బిల్డింగులో పని. మెషీన్ గదిలో కార్డు తీసి తన సంతకం పెట్టి, రెండో గడి దగ్గర ఆగిపోయాడు. సంతకం చెయ్యకుండానే పని ముగించి కిందికొచ్చాడు. బాబాయ్ గుంట పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు.

"బాబాయ్, ఒక మాటడుగుతా. ఎప్పుడైనా కార్డు మీద నీ సంతకం చూసి, నువ్వే పైకెక్కావని అనిపించిందా?"

బాబాయ్ పెద్దగా నవ్వాడు. "అనిపించడమేంట్రా, మొన్న మీ పిన్నితో గొడవ కూడా పడ్డా. గాజుబిల్డింగు పన్నెండంతస్తులు ఎక్కొచ్చా, కాళ్ళు లాగుతున్నాయి, నూనె రాయవే అన్నా. నిజంగానే లాగుతున్నాయిరా! తర్వాత లెక్కేసుకుంటే నేను ఆ మెట్లెక్కి రెండేళ్ళు." కప్పు కింద పెట్టి మోకాళ్ళు నిమురుకున్నాడు. "నీ పుణ్యమా అని ఎక్కని మెట్లకి కూడా నొప్పి పుట్టేస్తోంది."

అది జోకే. నవ్వాల్సిన చోట అతను నవ్వలేదు. బాబాయ్ వింతగా చూశాడు. "ఏరా, ఇంట్లో అంతా బానే ఉన్నారా?"

"నేను ఇవాళ తొందరగా వెళ్తా బాబాయ్," అన్నాడు.

*

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. కూతురు తన గదిలో బల్ల దగ్గర కూర్చుని, సర్దిన పెన్సిళ్ళు మళ్ళీ సర్దుతోంది. అతను పక్కన మంచమ్మీద కూర్చున్నాడు. బాల్కనీలోంచి భార్య గొంతు వినబడుతోంది, "ఇంకొక్క గుటక, ఇదొక్కటీ," అని కుందేల్ని బతిమాలుతూ. పొద్దున పెట్టెలో రెండు మూడు పెంటికలు కనబడ్డాయట, ఆవగింజలంత. మంచో చెడో ఆమెకీ తెలీదు.

"తల్లీ, నీకొకటి చెప్పాలి."

"ఊఁ."

"ఆ చెవులు నువ్వు గియ్యలేదు. శుక్రవారం సాయంత్రానివీ, శనివారం పొద్దున్నవీ. రెండూ నేనే గీశాను."

కూతురు పెన్సిల్ పట్టుకునే తిరిగి చూసింది. ఆ మొహంలో కోపం వస్తుందనుకున్నాడు, లేకపోతే ఏడుపు. రెండూ రాలేదు. వచ్చింది జాలి. పెద్దవాళ్ళ మొహాల్లో చూసే జాలి.

"వద్దులే నాన్నా."

"ఏంటి వద్దు?"

"నా కోసం చెప్తున్నావు. నాకు తెలుసు. లంచ్ బాక్సు పోయినప్పుడు కూడా నీ వల్లే పోయిందన్నావు. అద్దం పగిలినప్పుడూ నువ్వే అన్నావు. అది నేను పగలగొట్టాను, నాకు బాగా జ్ఞాపకం."

"అవి వేరమ్మా. ఇది నిజం."

"అప్పుడూ ఇలాగే అన్నావు."

అతను శుక్రవారం సాయంత్రం సంగతి మొత్తం చెప్పాడు. కుళాయి, ఫోను, లిఫ్టులో ముగ్గురు. ముందు సంతకం చేసి తర్వాత పని చేసే అలవాటు. చెప్తుంటే తనకే వినబడుతోంది, ఎంత చక్కగా అల్లుకుపోతోందో ఆ కథ. లంచ్ బాక్సు కథ కూడా ఇంత చక్కగానే ఉండేది. అందులో బస్సు నెంబరు కూడా చెప్పాడు. పిల్ల ఓపిగ్గా వింది. మధ్యలో ఒకసారి ఊఁ కొట్టింది కూడా, తండ్రి మనసు కష్టపడకూడదని.

గుమ్మంలో భార్య నిలబడి ఉంది, చేతిలో ఖాళీ సిరంజితో. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"దాన్ని వెనకేసుకురావడం ఇంక చాలించండి," అంది. గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. "ఇది అలా కప్పెట్టే విషయం కాదు. ఏదైనా ఉంటే ఇప్పుడే తెలియాలి."

"నేను వెనకేసుకురావడం లేదు."

"మీరెప్పుడూ వెనకేసుకురావడం లేదనే అంటారు."

అతను భార్యని చూశాడు, కూతుర్ని చూశాడు. తను ఇన్నేళ్ళు ఇంట్లో పంచిపెట్టిందంతా ఇప్పుడు ఇద్దరి కళ్ళలోనూ తిరిగొచ్చి నిలబడింది. అతని మాట మీద వాళ్ళకి ప్రేమ ఉంది. నమ్మకం లేదు. ఈ తేడా తనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, చెప్పేంత కోపం తెప్పించే పని కూడా తను ఎప్పుడూ చెయ్యలేదు.

చెప్పడం మాని, కూర్చుంటే సరిపోతుందా? రేపు పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. డాక్టరు ప్రశ్నలడుగుతుంది. పిల్ల నిజాయితీగా జవాబులు చెప్తుంది, తన చెయ్యి తనకి తెలీకుండా గీతలు గీస్తుందని. కాగితం మీద అది ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ పిల్ల జీవితాంతం తడి బ్రష్షు ముట్టుకుని కూడా నమ్మదు.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. పశువుల డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక చార్టుని భార్య మడిచి మందుల డబ్బా కింద పెట్టింది. తీసుకొచ్చి బల్లమీద కూతురి ముందు పరిచి, మడతల్ని అరచేత్తో సాపు చేశాడు. ఆ రోజు తర్వాత దాన్ని ఎవరూ విప్పలేదు. పిల్ల చూడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

"చూడు."

"నాన్నా, వద్దు."

"నన్ను నమ్మొద్దు. నేను చెప్పింది వదిలెయ్. నా చెయ్యి ఒక్కటీ చూడు, ఆ తర్వాత శుక్రవారం గడి చూడు."

కూతురు తల తిప్పలేదు, కళ్ళు మాత్రం తిప్పింది. గుమ్మంలోంచి భార్య ఒక అడుగు లోపలికి వేసింది. అతను బల్లమీద వరసగా సర్దిన పెన్సిళ్ళలోంచి ఒకటి తీసుకున్నాడు. ఇవాళ్టి తారీకు పక్కన ఎవరూ నింపని గడి ఉంది. అరచెయ్యి దేన్నీ దాచకుండా మోచెయ్యి ఎత్తిపెట్టి, ఇద్దరూ చూస్తుండగా, నెమ్మదిగా, అతను ఆ గడిలో రెండు చెవులు గీశాడు.